పాపం థర్మోస్టాట్

పాత కారు బానెట్ సందుల్లోంచి ఆవిరి రావడం మొదలైతే, కారణం చెప్పేవాళ్ళకు మన రోడ్ల మీద కొదవుండదు. టీకొట్టు దగ్గరాయన వాటర్ పంపు అంటాడు. లారీ క్లీనరు రేడియేటర్ జామైందంటాడు. స్కూటరు ఆపి మరీ దిగినాయన హెడ్ గాస్కెట్ పోయిందని తేల్చి, బండి ఓనరు ముఖం పాలిపోయేదాకా ఉండి, తృప్తిగా వెళ్ళిపోతాడు. అందరూ తలా ఒక పార్టు పేరు చెబుతారు కానీ, ఎప్పుడు హీటెక్కిందని మాత్రం ఎవరూ అడగరు. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడా, హైవే మీద ఎనభైలో పోతున్నప్పుడా, పొద్దున్నే స్టార్ట్ చేసిన అయిదు నిమిషాలకా? ఈ మూడింటికీ దోషులు వేరు. ఆ ఒక్క ప్రశ్న ముందుగా వేస్తే సగం పార్టులు విచారణ లేకుండానే విడుదలవుతాయి. వెయ్యకపోబట్టే ఏ పాపమూ ఎరగని థర్మోస్టాట్లు షెడ్డు మూలల్లో నట్లూ బోల్టుల డబ్బాల్లో పడి ఉన్నాయి.

బండి కదులుతున్నంతసేపూ రేడియేటర్‌కు గాలి ఉచితంగా తగులుతుంది. ఆగితే ఆ పని ఫ్యాను చెయ్యాలి. అంబాసిడర్‌లోనూ ప్రీమియర్ పద్మినిలోనూ ఫ్యాను బెల్టుతో ఇంజిన్‌కే కట్టుబడి తిరుగుతుంది. ఇంజిన్ నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది, బెల్టు వదులైతే ఇంకా బద్ధకిస్తుంది. 1983లో వచ్చిన మారుతి 800లో కరెంటు ఫ్యాను. నీళ్ళు బాగా వేడెక్కాక ఒక స్విచ్చి దాన్ని లేపుతుంది. ఆ స్విచ్చో ఫ్యూజో పోయిందంటే ఫ్యాను నిద్ర లేవదు. కాబట్టి ఊరి బయట చల్లగా పోయి ట్రాఫిక్‌లో మాత్రమే మరిగే బండికి రేడియేటర్ విప్పించడం దండగ, ముందు ఫ్యాను తిరుగుతోందో లేదో చూస్తే చాలు. దీనికి తిరగేసిన కేసు ఇంకా రుచికరం. ఊళ్ళో బుద్ధిగా ఉండి హైవే ఎక్కగానే ముల్లు ఎరుపు వైపు నడిచే బండిలో ఫ్యాను నిర్దోషి, నీళ్ళ ప్రవాహానిదే తప్పు. లోపల పొలుసు పట్టిన రేడియేటర్ గొట్టాలు కావచ్చు, రెక్కలు అరిగిన పంపు కావచ్చు. అన్నిటికన్నా గడుసుది కింది హోసు పైపు. ముసలితనంతో మెత్తబడ్డ ఆ రబ్బరు, స్పీడు పెరిగి పంపు గట్టిగా పీల్చినప్పుడు లోపలికి నొక్కుకుపోయి దారి మూసేస్తుంది. బండి ఆపి బానెట్ ఎత్తేసరికి ఏమీ జరగనట్టు గుండ్రంగా కూర్చుంటుంది. ఎక్కడ మరిగిందో అడగకుండా ఎంత అనుభవం ఉన్న మెకానిక్ అయినా దీన్ని పట్టుకోవడం కష్టం.

ఇక స్టార్ట్ చేసిన కాసేపటికే మరిగితే, లోపల అసలు నీళ్ళున్నాయా, గాలి బుడగ అడ్డుపడిందా అని చూశాక, అప్పుడు, అప్పుడు మాత్రమే, థర్మోస్టాట్ మీద అనుమానపడటం న్యాయం. ఇది ఒక చిన్న మైనపు కవాటం. చాలా బండ్లలో 82 డిగ్రీల ప్రాంతంలో మైనం కరిగి వ్యాకోచించి తెరుచుకుంటుంది, అందాకా నీళ్ళను రేడియేటర్‌లోకి పోనివ్వదు. మన షెడ్లలో దీనికి పడే శిక్ష తెలిసిందే. ఏ జబ్బుకైనా మొదట దీన్ని పీకేస్తారు. చలి దేశాల సరుకు, మన ఎండలకెందుకు అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ లెక్క కుదరదు. రెంటచింతలలో 46 డిగ్రీలు మండుతున్నా, 82కి ఇంకా 36 డిగ్రీలు తక్కువే. ఇంజిన్ నిజంగా వేడెక్కాక మంచి థర్మోస్టాట్ ఎటూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది, దాన్ని తీసి సంపాదించేది నామమాత్రం. తీస్తే మాత్రం చల్లబడాల్సిన దానికన్నా ఎక్కువ చల్లబడి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలోనైతే అది లేకపోతే నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిలో తిరిగొచ్చి వేడి ఇంకా పెరుగుతుంది. తీశాక ముల్లు దిగింది కదా అంటారా? దిగుతుంది, కొన్నిసార్లు. అది మూసుకుని బిగుసుకుపోయి ఉంటే దిగాల్సిందే, కానీ దానికి మందు కొత్తది వెయ్యడం. కొసరు ప్రవాహంతో సగం జామైన రేడియేటర్ కొన్నాళ్ళు గుట్టు దాచుకున్నా దిగుతుంది. వచ్చే మే నెలలో ఆ గుట్టు రట్టవుతుంది. అప్పటికి పీకెయ్యడానికి థర్మోస్టాట్ కూడా మిగలదు.

అసలు తప్పంతా ఎండదేనని మరో వాదం. ఎండకు వాటా ఉంది, కాదనను. రేడియేటర్ వదిలించుకోగల వేడి, నీళ్ళకూ బయటి గాలికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. నీళ్ళు 90 డిగ్రీలు, గాలి 30 అయితే తేడా 60. గాలి 45 అయితే తేడా కూడా 45. అంటే మే నెలలో రేడియేటర్ సామర్థ్యంలో పావు వంతు ఎండ పట్టుకుపోతుంది. కానీ కొత్త బండి ఆ పావు పోయినా నడిచింది కదా! మిగతాది ఎవరు తిన్నారన్నదే ప్రశ్న. ఏళ్ళ తరబడి పోసిన బోరు నీళ్ళ సున్నం కొంత తింది. రెక్కల మధ్య ఇరుక్కున్న దుమ్మూ పురుగులూ కొంత తిన్నాయి. ఎండ తప్పు చెయ్యలేదు, తప్పును చూపించింది. పాత బండి అంతేలే అని సర్దుకోవడమూ చెల్లదు. ఇవే అంబాసిడర్లు నిండా జనంతో, డిక్కీ నిండా సామానుతో తిరుమల ఘాట్ ఎక్కాయి. తక్కువ గేరు, ఎక్కువ శ్రమ, ఎదురుగాలి అంతంత మాత్రం. ఇంజిన్‌కు ఇంతకన్నా కఠిన పరీక్ష లేదు.

ఇంత వేడిలోనూ నీళ్ళు మరగకుండా ఆపేది మూత. రేడియేటర్ మూత కుక్కర్ మూతలాంటిది. 0.9 బార్ మూత ఒత్తిడిని సరిగ్గా పట్టి ఉంచితే లోపలి నీళ్ళు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. దాని రబ్బరు ఎండిపోతే నూరు దగ్గరే బుసలు కొడతాయి. ఇంజిన్‌కు అదనపు వేడి లేకుండానే పొగలు చూసి జనం గాస్కెట్ అనేస్తారు. గాస్కెట్ నిజంగా పోతే అది ఊరికే ఉండదు, ఆధారాలు వదులుతుంది. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు, తగ్గని తెల్ల పొగ, డిప్‌స్టిక్‌కు పాలటీ రంగులో ఆయిల్ లాంటివన్న మాట. ఇవేవీ లేకుండా హెడ్ విప్పుదామనే వాళ్ళకు బండి తాళం ఇవ్వకపోవడమే మేలు. (వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు. స్కూటరాయన చెప్పినా సరే.)

ఇన్ని ప్రశ్నలకు షెడ్డులో తీరికెక్కడిదంటారు, పార్టులన్నీ మార్చేస్తే పోదా అంటారు. పోతుంది, బండి విలువను మించిన బిల్లుతో. దోషి ఎవరో తెలియకుండానే పోతుంది కూడా. పైగా జబ్బు తిరిగొచ్చినప్పుడు మళ్ళీ మొదటినుంచి మొదలు. ప్రశ్న అడగడానికి పట్టేది ఒక నిమిషం. అప్పటికీ మెకానిక్ పట్టుబట్టి థర్మోస్టాట్ పీకితే, దాన్ని డబ్బాలో పడెయ్యనివ్వకుండా ఇంటికి తెచ్చుకోండి. నీళ్ళ గిన్నెలో దారంతో వేలాడదీసి, పక్కనే మంచి థర్మామీటరు పెట్టి, పొయ్యి వెలిగిస్తే అది తెరుచుకుంటుందో లేదో వంటింట్లోనే తేలిపోతుంది. ఏ గిన్నె అన్నది మాత్రం వంటింటి అధికారులను ముందుగా అడిగి తీసుకోవాలి. పాల గిన్నె వాడితే ఆ తరువాత హీటెక్కేది ఇంజిన్ కాదు.