కొండ కొలను పద్యమునకు టీకా తాత్పర్యము

అవతారిక: కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేరు కొలువు చేయు ఒక బావమరిది, స్కూబా సర్టిఫికెట్టు చేతికి వచ్చిన మూడవ వారమున, లాంగ్ వీకెండునకు ముందు తన బావకు వాట్సాప్‌లో పంపిన ఆటవెలది యిది.

కడలి లోన మునిగి కారెక్కి వెంటనే
కొండ కొలనుఁ జేర కోర్కె కలిగె
బావ లెమ్ము వేగ బయలుదేరెద మింక
రాత్రి కచట మునక రమ్య మగును

ప్రతిపదార్థము: బావ = ఓ అక్కమగడా (కారు ఇతనిది); కడలి లోన = మాంటెరే తీరమున పసిఫిక్ సముద్రములో; మునిగి = సిలిండరు గాలి పీల్చుచు, లోతు ఒత్తిడికి నెత్తుట నైట్రోజనును కరగించుకొని; వెంటనే = తడి సూటు ఆరకమునుపే; కొండ కొలనున్ = 1,897 మీటర్ల ఎత్తున నున్న టాహో సరస్సును; చేరన్ = చేరవలెనని; కోర్కె కలిగెన్ = బుద్ధి పుట్టెను. తక్కినది తేటయే.

తాత్పర్యము: పొద్దుట సముద్రము, రాత్రికి కొండ.

విశేషములు: దోషమంతయు "వెంటనే" అను మూడక్షరములలో నున్నది. గోలీసోడాలో గోలీని బొటనవ్రేలితో నొక్కగానే ఒత్తిడి తగ్గి బుడగలు పొంగుట లోకవిదితము. డైవరు ఒంటికి ఘాటు రోడ్డు అట్టి బొటనవ్రేలు. ఆ బుడగలు కీళ్ళ నొప్పితో సరిపెట్టవచ్చును, వెన్నుపామును తాకి కాళ్ళు పడగొట్టనూవచ్చును. డైవర్లు దీనిని బెండ్స్ అందురు.

శంక: మునక వేసి విమానమెక్కరాదని వింటిమి గాని, కారెక్కరాదని వినలేదే?

సమాధానము: ఒంటికి వాహనము తెలియదు, ఎత్తే తెలియును. టాహోకు పోవు 50వ నంబరు హైవేపై ఎకో సమిట్ కనుమ ఎత్తు 2,250 మీటర్లు. విమానము లోపలి గాలి కూడ ఇంచుమించు ఆ ఎత్తు గాలి అంతటి పలుచనే. కావున ఒక్క మునకకు కనీసము 12 గంటలు, వరుస మునకలకు 18 గంటలు ఆగుమని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అను సంస్థ చెప్పిన విమానసూత్రము కొండదారికిని వర్తించును.

ఇక "కొండ" అను విశేషణము వట్టి అలంకారము కాదు. టాహోలో నీటిపై గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో అయిదింట నాలుగు వంతులే. సముద్రమున 10 మీటర్లు దిగిన గాని రెట్టింపు కాని ఒత్తిడి, అచట 8 దాటగానే రెట్టింపగును. అందుచే టాహోలోని 18 మీటర్లను, ఎంత లోతున ఎంతసేపు ఉండవచ్చునో చెప్పు సముద్రపు పట్టికలో 22 అని చదువుకొనవలెను. కొన్ని డైవ్ కంప్యూటర్లు దీనిని తామే గ్రహించును. కొన్నింటికి మనమే చెప్పవలెను. పద్యమున కంప్యూటరు ప్రస్తావనయే లేదు. పైగా పల్లము నుండి వచ్చినవాని ఒంటిలో, మునగకున్నను, ఆ ఎత్తునకు మించిన నైట్రోజను ఉండును. అది సర్దుకొనుటకు 6 మొదలు 12 గంటలు ఊరక కూర్చుండవలెను.

పాఠాంతరము: "వెంటనే" అనుచోట "మర్నాడు" అని చదువుట మేలు. రగణము పోయి తగణము వచ్చును; రెండును ఇంద్రగణములే కనుక ఛందస్సు చెడదు, నెత్తురును చెడదు. అట్లు చదివినచో, ఊరక కూర్చుండు గంటలు కూడ కలుపుకొని, నాల్గవ పాదమున "రాత్రి" యనగా ఎల్లుండి రాత్రి యని చెప్పుకొనవలసి వచ్చును. నడుమనున్న రెండు రాత్రుల హోటలు బిల్లు ఎవరిదను శంకకు "బావ" యను సంబోధనమే సమాధానము.