గోడ దాటితే అవుట్

తెలుగు సినిమాలో బేస్‌బాల్ బ్యాటు కనిపించిందంటే ఎవడి మోకాలికో మూడిందని అర్థం. బంతి మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ బ్యాటుకూ ఒక బంతి ఉంటుందనీ, దాని చుట్టూ పదిహేడేళ్ల పిల్లల ప్రేమలూ ఏడుపులూ తిరుగుతుంటాయనీ నాకు తెలియడానికి మా అమ్మాయే కారణం. ఇంటర్ ఎంపీసీ చదివే పిల్ల, ఫిజిక్స్ మెటీరియల్ కింద బొమ్మల పుస్తకం దాచింది. తండ్రిగా బాధ్యత కొద్దీ స్వాధీనం చేసుకున్నాను. బాధ్యత కొద్దీనే చదవడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు నా మొహం చూసి, "డాడీ, రెండో భాగం బీరువా మీదుంది" అని అదే చెప్పింది.

పుస్తకం పేరు ‘క్రాస్ గేమ్’. కథా బొమ్మలూ మిత్సురు అదాచివి. జపాన్‌లో 2005 నుంచి 2010 దాకా వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఇంగ్లీషులోకి వచ్చిన కాపీలు మా అమ్మాయికి అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికాయట. జపాన్ కామిక్కుల్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. మా ఇంట్లో అందరూ మెడలు పట్టేసి అవస్థ పడుతుంటే, రోజూ ఉర్దూ పేపరు ‘సియాసత్’ చదివే పక్కింటి పెద్దాయన వచ్చి పుస్తకం అందుకుని, "ఏముంది భాయ్, ఇన్నాళ్లకు మీ ఇంట్ల ఒక కితాబు సీదా తెరుచుకున్నది" అని హాయిగా కుర్చీలో కూర్చున్నాడు.

కథలో హీరో కో. వాళ్లది ఆటసామాన్ల దుకాణం. ఆ పక్కనే ఇంకో కుటుంబం డబ్బులు తీసుకుని బ్యాటింగ్ ప్రాక్టీసు చేయించే సెంటర్ నడుపుతుంది. వాళ్లకు నలుగురు ఆడపిల్లలు. రెండో అమ్మాయి వకాబా, ఈ కో ఒకే రోజు, ఒకే ఆస్పత్రిలో పుట్టారు. ఒకే రోజు, ఒకే ఆస్పత్రి అనగానే నర్సు పిల్లల్ని మార్చేసే ఉంటుందని నేను ఆశగా ఎదురుచూశాను. ఎవరూ ఎవర్నీ మార్చలేదు. పైగా కథ బాగా మొదలైంది అనుకునేసరికి, ఐదో క్లాసు వేసవి సెలవుల్లో ఆ వకాబా నీళ్లలో మునిగి చనిపోయింది. మన టీవీ సీరియల్ అయితే ఆ ఒక్క చావు మీద వినాయకచవితి నుంచి దీపావళి దాకా బండి నడుస్తుంది. అదాచి ఏడుపు గీయడు. కాస్త ఆకాశం గీస్తాడు, ఖాళీ వీధి గీస్తాడు, పేజీ తిప్పమంటాడు. మా ఆవిడ అటుగా వెళ్తూ తొంగిచూసి "ఈ పేజీలో ఏమీ లేదు కదండీ, ఎందుకలా కళ్లు తుడుచుకుంటున్నారు?" అంది. మా సికింద్రాబాద్ చిలకలగూడలో దుమ్మెక్కువ అన్నాను.

అసలు నాకు మింగుడుపడనిది ఆట. బంతి గోడ దాటి అవతల పడితే అక్కడ హోమ్ రన్. ఊరంతా లేచి చప్పట్లు. మా గల్లీలో బంతి గోడ దాటితే అవుట్. ఎవరి గోడ అనేదాన్ని బట్టి శిక్ష మారుతుంది. కుక్క ఉన్న ఇల్లయితే కొట్టినవాడే వెళ్లి తేవాలి, ఆంటీ ఉన్న ఇల్లయితే ఆ రోజుకు ఆట బంద్. అంతకంటే విచిత్రం, బేస్‌బాల్‌లో కొట్టగానే బ్యాటు అక్కడే పడేసి పరుగెత్తాలి. సికింద్రాబాద్‌లో బ్యాటు కింద పెట్టి పరుగెత్తినవాడు తిరిగొచ్చి చూసుకునేది ఏముంటుంది? ఈలోపు ఇంకొకడు దానితో గార్డు తీసుకుంటుంటాడు.

ఈ పిల్లలందరి లక్ష్యం కోషియెన్. అది నిషినోమియాలో 1924లో కట్టిన స్టేడియం. ఆగస్టు ఎండల్లో జాతీయ హైస్కూల్ టోర్నమెంటు అక్కడే జరుగుతుంది. దేశమంతా వడపోస్తే చివరికి 49 జట్లు మిగులుతాయి. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఓడినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, ఏడుస్తూ, ఆ గ్రౌండు మట్టిని సంచుల్లోకి ఎత్తుకుంటారు. పరేడ్ గ్రౌండ్ మట్టి మేమూ తెచ్చుకునేవాళ్లం, మోచేతుల్లో. వాళ్లది చాలాకాలంగా గుండు సంప్రదాయం కూడాను. పాత ఫొటోలు చూస్తే జట్టు మొత్తం తిరుపతి నుంచి తిన్నగా గ్రౌండుకు వచ్చినట్టుంటుంది. 2023లో కేయో హైస్కూల్ పిల్లలు శుభ్రంగా జుట్టు పెంచుకునొచ్చి కప్పు ఎత్తుకుపోయారు. ఆ స్కూలు అంతకు ముందు గెలిచింది 1916లో.

ఇదంతా పదిహేడేళ్లకు! మన పిల్లలకు ఆ వయసులో ఎంసెట్. (పేరు ఈఏపీసెట్‌గా మార్చారు, భయం మాత్రం పాతదే.) మా అమ్మాయి కాలేజీ నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. గ్రౌండు ఎక్కడని అడ్మిషన్ రోజు అడిగితే, కౌంటర్‌లో కుర్రాడు "గ్రౌండ్ ఫ్లోరా సార్? అక్కడ ఫీజు కడ్తరు" అన్నాడు.

పుస్తకంలో నాకు నచ్చిన మనిషి హీరో కాదు, మూడో అమ్మాయి అయోబా. ఆ కథలో అందరికంటే అందంగా బంతి విసిరేది ఆ పిల్లే. కో ఆమెను చూసి రహస్యంగా నేర్చుకున్నవాడే. కానీ ఆడపిల్ల కాబట్టి హైస్కూల్ అధికారిక మ్యాచ్‌లలోకి రానివ్వరు. నెట్స్‌లో విసరాలి, గ్యాలరీలో కూర్చుని వీడి తప్పులు ఎంచాలి. ఎంచడంలో మా ఆవిడకు ఏమాత్రం తీసిపోదు.

జపాన్ వాళ్లు మన కోసం బేస్‌బాల్ కథను క్రికెట్‌గా మార్చారు కూడా. 1966 నాటి ‘క్యోజిన్ నో హోషి’ అనే కామిక్ ఆధారంగా, ‘సూరజ్: ది రైజింగ్ స్టార్’ అని 2012లో కలర్స్ చానల్లో వేశారు. తీరా కథను తీసుకెళ్లి ముంబైలో పెట్టారు. రైలు తప్పు స్టేషన్‌లో ఆగింది. కాస్త ముందుకొస్తే సికింద్రాబాద్‌లో సిద్ధంగా ఉన్న కథ దొరికేది. ఎయిర్‌ఫోర్సులో పనిచేసిన తండ్రి. పొద్దెక్కినా లేవని కూతురు. బద్ధకం వదిలించడానికి అన్నతోపాటు ఆమెనూ క్రికెట్ కోచింగ్‌కు పట్టుకెళ్లాడు. అప్పటికే ఆ పిల్ల భరతనాట్యం నేర్చుకుంటోంది. చదివేది కీస్ గర్ల్స్ హైస్కూల్. పేరు మిథాలీ రాజ్. ఏ ఎడిటరైనా "మరీ సినిమాలా ఉంది" అని తిప్పి పంపేవాడు. 1999 జూన్‌లో, పదహారేళ్లకు, మిల్టన్ కీన్స్‌లో ఐర్లండ్ మీద మొదటి వన్డేలోనే 114 నాటౌట్. ఆమెను తీర్చిదిద్దిన కోచ్ సంపత్ కుమార్ ఆ సెంచరీ చూడకుండానే రోడ్డు ప్రమాదంలో పోయారు. అదాచి అయితే ఇక్కడొక ఆకాశం గీసేవాడు.

అమ్మాయిల హైస్కూల్ బేస్‌బాల్ ఫైనల్ కోషియెన్‌లో తొలిసారి జరిగింది 2021 ఆగస్టులో. ఈ సంగతి మా అమ్మాయికి చెప్పి, సికింద్రాబాద్ ఎంత ముందుందో చూడు అన్నాను. "అయితే నన్నూ పొద్దున గ్రౌండుకు పంపు డాడీ" అంది. ఫిజిక్స్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగాను.

‘క్రాస్ గేమ్’ ఇంగ్లీషులో మొత్తం ఎనిమిది భాగాలు. ఏడు పూర్తిచేశాను. ఎనిమిదోది పక్కింటి పెద్దాయన దగ్గర ఇరుక్కుంది. అడిగితే, "ఠైరో భాయ్, నాకు ఆట ఎట్ల పోయినా ఫరక్ లేదు, ఆ పోరి మనసుల ఏమున్నదో తేలాలె" అంటున్నాడు. ఆయన తర్వాత వరసలో మా ఆవిడ ఉందట.