గులాబీ రంగు సేతువ

మా వాటాకూ పక్కవాటాకూ మధ్య ఒకే వరస ఇటుక గోడ. గోడకు అవతల, చెప్పుల అట్టపెట్టెలో, గులాబీ రంగు కోడిపిల్ల. ఆదివారం సంతలో పక్కింటి పిల్లవాడు నేలమీద పడి దొర్లాడు, కొన్నారు. అంతకుమించి చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం మొదలుపెట్టిన కీచుకీచు ఇంకా ఆపలేదది. అర్ధరాత్రి రెండింటికైనా సరే, శ్రుతి తప్పదు. పక్కింటావిడ మాత్రం ‘ఎంత ముద్దుగా అరుస్తుందో కదండీ’ అంటారు. ఆవిడకు నిద్రమాత్ర అలవాటు.

నా కోపం కోడిపిల్ల మీద కాదు, పిల్లవాడి మీద అసలే కాదు. సంత మీద.

మా సంతలో నీడకు ఓ వరస ఉంది. నైటీలకు షామియానా. ప్లాస్టిక్ బకెట్లకు నీలం పట్టా. కొత్తిమీరకైతే తడి గోనెసంచి, పైన ఘడియకోసారి నీళ్లు చిలకరింపు. నడినెత్తిన ఎండ భరించేది కోడిపిల్లల గంప ఒక్కటే. కారణం తెలిసిందే. కొత్తిమీర వాడితే అక్కడికక్కడే బేరం పోతుంది. కోడిపిల్ల వాడేది కొన్నవాళ్ల ఇంటికి చేరాకే.

‘కాస్త నీడకు జరపకూడదటయ్యా?’ అన్నాను గంప కుర్రాడితో.

‘వీటికి వేడి కావాలి మాస్టారూ’ అన్నాడు. నేను ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకుని సలహా ఇచ్చేవాణ్ణి మా వైపు మాస్టారనే అంటారు.

చెప్పొద్దూ, వాడన్నది సగం నిజం. మొదటి వారం కోడిపిల్లకు 35 డిగ్రీల దాకా వెచ్చదనం ఉండాలి. ఫారాల్లో బల్బు వేలాడదీసేది అందుకే. అక్కడ పిల్లకు చలేస్తే బల్బు కిందికి పోతుంది, ఉడికితే ఓ మూలకు జరుగుతుంది. గంపలో ఇరికించిన పిల్ల ఏ మూలకు జరుగుతుంది? పైగా కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని ఫ్యాను. చెమట పట్టే మనం గొడుగు కింద, పట్టనిది ఎండలో!

కొనేవాళ్లైనా తక్కువా? వంకాయ ముచ్చిక తిప్పి చూస్తారు, బెండకాయ కొస విరుస్తారు, పుచ్చకాయను తట్టి వింటారు. ప్రాణమున్న సరుకు దగ్గరికొచ్చేసరికి ఒకే ఒక్క ప్రశ్న. ‘పింకుది ఉందా?’ బొడ్డు మూసుకుందా, వెనక రెట్ట అంటుకుని ఉందా, కిందపెడితే రెండు కాళ్లమీద నిలబడుతోందా... ఊహూఁ. కొక్కెర తెగులుకు చుక్కలు వేయించాలని చెబితే, పోలియో చుక్కలు కోళ్లక్కూడానా అని నవ్వారొకాయన. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో వేసేది ఒక్క చుక్కే. ఆ నవ్వినాయన సంచిలో అప్పటికే నాలుగు పిల్లలున్నాయి.

ఇక ఆ రంగు సంగతి. నిద్ర పట్టని మనిషికి ఆలోచనలకు కొదవేముంది? గోడవతల కీచుమన్నప్పుడల్లా నాకు కుక్కుట శాస్త్రం గుర్తుకొస్తోంది. నవ్వకండి, కోడిపందేల వాళ్లకు అది పంచాంగమంత పవిత్రం. నల్లనిది కాకి, ఎర్రనిది డేగ, తెల్లనిది సేతువ. ఆపైన నెమలి, పింగళ, కౌజు. ఏ వారం ఏ రంగుది గెలుస్తుంది, ఏ నక్షత్రానికి ఏది ఓడుతుంది, ఏ దిక్కునుంచి బరిలోకి వదలాలి, అన్నీ రాసి ఉంటాయి. కోడిపందెంలో ఓడి మలిదేవాదులు ఏడేళ్లు వలసపోయిన పల్నాటి కథ ఉన్న జాతి మనది. కోడి రంగంటే మనకు హాస్యం కాదు. ఇంత చేసీ ఆ శాస్త్రకారుడు గులాబీ రంగు కోడికి ఒక్క పేరైనా పెట్టలేదు! ఆకుపచ్చకు అసలే లేదు. ఆదివారం నాడు ఊదారంగుదాన్ని బత్తాయిరంగుదాని మీదికి తూర్పునుంచి వదలాలా, పడమర నుంచా? భీమవరం వెళ్లి పెద్దల్ని అడుగుదామా అని కూడా అనిపించింది. ఇంట్లో చెబితే వైద్యుడి దగ్గరికి పంపుతారని ఊరుకున్నాను.

చివరికి తెల్లవారుజామున సమాధానం తట్టింది. ఆ పిల్లలు చాలామటుకు గుడ్ల ఫారాల జాతి, తెల్ల లెగ్‌హార్న్. రంగునీళ్లు అంటేది పైనున్న నూగుకే. కొన్ని వారాల్లో నూగు రాలి ఈకలొస్తాయి, వచ్చేవి తెల్లవే. అంటే గోడవతల ఉన్నది మారువేషంలో ఉన్న సేతువ! ఈ పరిశోధన పొద్దున్నే పక్కింటాయనకు చెప్పాను. ‘అంటే పింకు పోతుందా? వాడు ఏడుస్తాడండీ’ అన్నారాయన. శాస్త్రానికి గిరాకీ లేదు.

సంతలో పెద్ద కోళ్ల వైభవం వేరే. కాళ్లు కట్టి, బండి హ్యాండిలుకు తలకిందులుగా వేలాడదీస్తారు. ప్రపంచాన్ని ఆ భంగిమలో చూస్తూ పక్క ఊరు చేరతాయి. ఇలా బాధపెట్టి మోసుకెళ్లడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలు మొదలు యాభై దాకా. ఆ యాభై కట్టి మిగతా రోజంతా నిశ్చింతగా వేలాడదీసుకోవచ్చన్నట్టుంది లెక్క.

నీడ పట్టున ఉన్న పిట్ట ఒక్కటుంది సంతలో, రామచిలుక. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద దాన్ని అమ్మకూడదు, పెంచకూడదు. అందుకని పంజరానికి గుడ్డ చుట్టి, చెట్టు వెనక పెట్టుకుని, కళ్లతోనే బేరాలు సాగిస్తారు. గుడ్డ నీడ, చెట్టు నీడ, మధ్యమధ్య ఓ జామకాయ ముక్క. చట్టబద్ధంగా అమ్ముడుపోయే కోడిపిల్లకు ఆ యోగం ఎక్కడిది?

ఒక్కమాట. ఆ కీచుకీచును నేను అల్లరి అనుకుంటున్నానుగానీ, వెచ్చగా, మందలో ఉన్న కోడిపిల్ల అలా అరవదు. లోలోపల చిన్నగా కిచకిచలాడుతుందంతే. గట్టిగా అరిచేది చలేసినప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు. తల్లికి వినపడాలని. దీనికి తల్లి లేదు, యంత్రంలో పొదిగారు. గుడ్ల ఫారానికి కావలసింది పెట్టలే. పుంజు గుడ్డూ పెట్టదు, ఫారానికి పనికొచ్చే మాంసమూ పట్టదు. ఒక్కరోజు వయసులోనే వేరుచేసి పక్కన పడేస్తారు. అలా ఎవరికీ అక్కర్లేని పిల్లకు రంగు పూస్తే గిరాకీ. మా నాయనమ్మ గంపకింద పొదిగించిన కోడి, మబ్బు పడితే చాలు, పిల్లలన్నిటినీ రెక్కలకిందికి పిలిచేది. నాకు నిద్ర లేదని నేను వీధంతా చెప్పుకుంటున్నాను. అదీ ఆ పనే చేస్తోంది.

దానికో బల్బు పెడదామని బజారుకు వెళ్లాను. పాతకాలం పసుపు బల్బు ఏ షాపులోనూ లేదు. ‘అన్నీ ఎల్‌ఈడీలే సార్, అస్సలు వేడెక్కవు’ అని గొప్పగా చెప్పాడు షాపతను. చివరికి వేడినీళ్ల సీసాకు పాత బనీను చుట్టి పెట్టె మూలన పెట్టించాను. పిల్లవాడు నీళ్ల మూతలో గులకరాళ్లు కూడా వేశాడు, పిల్ల మునిగిపోకుండా. సంత కుర్రాడికీ వాడికీ మధ్య వయసు తేడా పదేళ్లుంటుందేమో. ఇవన్నీ అతనికీ ఎవరూ చెప్పి ఉండరు.

అందుకే తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. గంపలు నాలుగు తెచ్చి పిల్లల్ని పలచగా వెయ్యమన్నాను. ‘ఆశీలు గంపకింతని లెక్క మాస్టారూ, నాలుగు గంపలైతే నాకు మిగిలేదేంటి?’ అన్నాడు. పోనీ గొడుగైనా పాతమన్నాను. గొడుగు పాతితే గంప కాస్తా కొట్టు అవుతుందట, కొట్టుకు ఆశీలు రెట్టింపు. పంచాయతీ పాట పాడుకున్న కాంట్రాక్టరు వసూలు చేసే డబ్బులో సంతకు ఒక రేకుల పందిరి, ఒక నీళ్ల తొట్టి రావాలి కదా అంటే, కుర్రాడు నన్ను జాలిగా చూశాడు.

ఇక లాభం లేదని నా గొడుగే విప్పి గంపమీద పట్టి నిలబడ్డాను. ఇద్దరు ఆడవాళ్లు పింకుదెంత అని నన్నే అడిగారు. ఒకాయన జత పాతిక్కిస్తావా అని బేరమాడాడు. ఇంతలో ఆశీలు కుర్రాడొచ్చాడు. గంపనూ, గొడుగునూ, నన్నూ వరసగా చూసి, పుస్తకంలోంచి కొట్టు రసీదు చింపి నా చేతిలో పెట్టాడు.