ఫారం మామ

ఫారం మామ ఒక్కడే అనుకునేరు. గుంతకల్లు నుంచి హిందూపురం దాకా టీ అంగడి బెంచీకి ఒకడుంటాడు. చంకలో మడిచిన రేసు ఫారం పుస్తకం, చెవి సందున పెన్ను, ఎప్పుడు చూసినా బెంగళూరు బయల్దేరబోతున్న ముఖం.

ఈ ఏడు మా ఫారం మామ మనసు ఒక మూడేళ్ల ఆడగుర్రం మీద పడింది. బెంగళూరు టర్ఫ్ క్లబ్బులో ఐదో క్లాసు. నాలుగుసార్లు దిగింది, నాలుగుసార్లూ మిగతా గుర్రాల తోకలు చూసుకుంటూ వచ్చింది. మామ ఒప్పుకోడు. "అది ఓడిపోలేదప్పా, దాచిపెట్టినారు" అంటాడు. మొదటి పందెంలో గేటు మంచిది పడలేదట. రెండోదానికి ఎక్కినోడు అప్రెంటిస్ జాకీ. మూడోది 1200 మీటర్లు, "ఇది 1600కు పుట్టిన పిల్ల." నాలుగోదానికి ఇంకా కారణం తయారవుతోంది.

ఓటమే ఆయనకు పెట్టుబడి. ఓడేకొద్దీ గుర్రం రేటింగు పడిపోతుంది, రేటింగు పడితే దాని వీపు మీద హ్యాండిక్యాపరు వేసే బరువు తగ్గుతుంది. "ఇంకోసారి ఓడనీ, ఈకలా పరిగెత్తుతాది సూడు" అని ఆశీర్వదిస్తాడు. గుర్రం మాత్రం మాట తప్పకుండా ఓడిపోతోంది.

మన దేశంలో రేసుగుర్రం ఏ నెలలో పుట్టినా వయసు జనవరి 1 నుంచే లెక్క. ఇది మామ చెబితేనే నాకు తెలిసింది. ఆధార్ కార్డులో మామ పుట్టినరోజూ అదే.

బెంగళూరు వేసవి రేసుల సీజను మే నుంచి జులై దాకా. మాకు చెనక్కాయ విత్తే అదునూ అప్పుడే వస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన మాది. జనమంతా మబ్బుల కేసి చూస్తుంటే మామ సెల్‌ఫోన్లో ట్రాకు పెనెట్రోమీటరు రీడింగు చూస్తుంటాడు. బెంగళూరు నేల ఎంత మెత్తగా ఉందో పాయింటుతో సహా చెబుతాడు. తన చేలో పదునుందా లేదా అంటే భార్యను అడగమంటాడు.

చేను కౌలుకిచ్చేశాడు. ఎందుకు మామా అంటే గుడ్లురిమాడు. "చెనక్కాయ జూదమప్పా! వానకు ఫారం పుస్తకముందా? పోయినేడు ఎట్ల పరిగెత్తిందో చూసి ఈ ఏడు చెప్పగలవా?" మద్రాసు రేస్ క్లబ్బు కేసులో 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యమే అని తేల్చిందని, ఆ తీర్పు తనకే వచ్చినట్టు చెబుతాడు. మెట్ట సేద్యాన్ని ఏ కోర్టూ నైపుణ్యమని తేల్చలేదు కాబట్టి నా దగ్గర జవాబు లేకపోయింది.

2025 సెప్టెంబరులో పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగిన రోజున మాత్రం మామ టీ తాగకుండానే లేచి వెళ్లాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు, "పన్ను పెరిగితే చిల్లర జనం తగ్గిపోతారప్పా, ఆడ్స్ బాగుంటాయి" అంటూ.

నన్నడిగితే ఆ పిల్ల అంత చెడ్డదేం కాదు. వయసుంది, కాళ్లున్నాయి, దూరం పెంచితే ఒకటో రెండో పందేలు కొట్టొచ్చు. మామ సంగతే అంత ధీమాగా చెప్పలేను. ఐదో క్లాసు కింద ఇంకో క్లాసు లేదు.