దొరవారికి కౌలు రాసిచ్చే పాలకులకు తొమ్మిది చిట్కాలు

మీ రేవు కావాలనో, మీ నేల కింద చమురు ఉందనో దూరదేశపు కంపెనీ మనిషి ఒకడు టోపీ చేతబట్టుకుని వచ్చి మీ వసారాలో కూర్చున్నాడా? కంగారు పడకండి. ఇలాంటి బేరాల్లో మనకున్న అనుభవం పర్షియా షాకు గానీ, అరబ్బు రాజులకు గానీ లేదు. వాళ్లు చమురు కౌళ్లు రాసింది ఇరవయ్యో శతాబ్దంలో. మన తెలుగు నాయకులూ, రాయవేలూరు కోటలో కొలువు తీరిన ఆరవీటి రాయలూ ఆ పని పదిహేడో శతాబ్దంలోనే చేసేశారు. వందవాసి ఏలిన దామెర్ల వెంకటప్ప నాయకుడు 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసపట్నం రాసిచ్చిన తీరును ఆదర్శంగా పెట్టుకుని ఈ చిట్కాలు కూర్చాం. వరసగా పాటించండి. ఫలితం ఖాయం.

1. అవతలివాడి అవసరం ఎంతో ఆరా తీయకండి

బేరానికి వచ్చిన ఫ్రాన్సిస్ డే అప్పటికి దుగరాజపట్నంలో కంపెనీ వ్యవహారం చూస్తున్నాడు. ఇంగ్లీషువాళ్లు ఆ ఊరిని ఆర్మగాం అనేవారు. అక్కడ వ్యాపారం సరిగ్గా సాగడం లేదు. మచిలీపట్నంలో గోల్కొండ అధికారుల ఒత్తిడి. బట్ట చవగ్గా దొరికే చోటు కోసం కంపెనీ తీరమంతా వెతుకుతోంది. మద్రాసపట్నం దగ్గర బట్ట మిగతాచోట్ల కంటే 20 శాతం చవక అని డే తన పైవాళ్లకు చెప్పాడు. ఇదంతా మీకెందుకు? అతిథిని కష్టసుఖాలు అడిగితే మర్యాదగా ఉండదు. పైగా అడిగితే మీ రేవు ధర మీకే తెలిసిపోతుంది. అది మరీ ప్రమాదం.

2. మీ కోరికలు మాత్రం మొదటి రోజే విప్పి చెప్పండి

వెంకటప్ప ఏమీ దాచుకోలేదు. వర్తకం పెరిగి తన సీమ బాగుపడాలి. డబ్బిస్తే పర్షియా నుంచి మంచి గుర్రాలు తెచ్చిపెట్టాలి. ఏటేటా కంపెనీ ఓడలో తన మనిషి బంగాళానికి వెళ్లి డేగలు, కోతులు, చిలకలు కొనుక్కుని రావాలి. పొరుగువాళ్లు మీద పడితే తల దాచుకోవడానికి గట్టి కోట ఒకటి ఉండాలి. కంపెనీ ఉద్యోగులు ఇవన్నీ శ్రద్ధగా రాసుకుని పైకి పంపారు. మీరు కూడా ఇలాగే చేయండి. మీరు దేనికి లొంగుతారో కంపెనీకి ముందే తెలిస్తే ఇద్దరికీ బోలెడు సమయం కలిసొస్తుంది.

3. ఇద్దరు దొరలు కొట్టుకుంటుంటే మూడో దొరను పిలవండి

ఈ విద్య వేలూరు కొలువులో ముందునుంచీ ఉంది. శాంథోంలో పోర్చుగీసువాళ్లు ఉండగానే 1610లో వేంకటపతిరాయల ప్రభుత్వం పులికాట్‌లో డచ్చివాళ్లకు చోటిచ్చింది. 1612లో పోర్చుగీసువాళ్లు వెళ్లి డచ్చి కొట్టును ధ్వంసం చేశారు. ఏడాది తిరగకుండా అదే చోట గెల్డ్రియా కోట లేచింది. అంటే తగాదా తీరలేదు, దానికి బురుజులు మాత్రం మొలిచాయి. పులికాట్, మైలాపూరు పరదేశుల పోరు ఆపడానికే మధ్యలో చెన్నపట్నం కట్టించామని దామెర్లవారు తమ ఇంటి కావ్యం ఉషాపరిణయంలో చెప్పుకున్నారు. ఆలోచన అమోఘం. ఇద్దరి గొడవ తీర్చడానికి ఫిరంగులున్న మూడోవాణ్ణి తెచ్చి పెట్టండి. ఆ తరవాత ముగ్గురికీ మీతోనే పని.

4. కోట నేనే కట్టిస్తానని మాటివ్వండి, తరవాత మరిచిపోండి

ఇది ఈ చిట్కాలన్నింటిలో మణిపూస. కోట పూర్తయ్యేదాకా ఖర్చు తనదేననీ, కంపెనీ వచ్చి స్వాధీనం చేసుకున్నప్పుడు ఆ సొమ్ము తీర్చాలనీ వెంకటప్ప రాసిచ్చాడు. 1640 ఫిబ్రవరిలో కంపెనీ అధికారి ఆండ్రూ కోగన్, డే సిబ్బందితో సహా దిగారు. ఖర్చు సంగతి ఎత్తేసరికి నాయకుడు తప్పుకున్నాడు. కంపెనీ దగ్గర డబ్బు లేదు. అప్పుతెచ్చి కడితే వడ్డీ తాను పెట్టుకుంటానని డే ముందుకొచ్చాడు. అలా గోడలు లేచి అది సెయింట్ జార్జి కోట అయింది. నాయకుడికి ఎంత ఆదా! తన డబ్బుతో కట్టి ఉంటే, తనకు బాకీ తీరేదాకా ఆ కోట మీద తనకో మాట ఉండేది. ఆ బాదరబందీ లేకుండా పోయింది. పైసా పెట్టనివాడు తాళంచెవి అడగలేడు కదా. ఆపదలో తల దాచుకోవాలనుకున్న కోటకు కాపలా ఇప్పుడు కంపెనీ మనుషులది.

5. గడువు పెట్టాల్సిన చోట 'ఎప్పటికీ' అని రాయండి

మద్రాసపట్నం రేవులో కంపెనీ సరుకుకు సుంకం మాఫీ. ఊరి పాలన కంపెనీ చేతిలో ఉండే రెండేళ్లే కాదు, ఆ తరవాత ఎప్పటికీ. వెంకటప్ప సీమలోకి సరుకు తెచ్చినా, అక్కణ్ణుంచి తీసుకెళ్లినా ఇతర వర్తకులు కట్టేదాంట్లో సగం చాలు. టంకసాల పెట్టుకుని నాణేలు కొట్టుకోవచ్చు, పనివాళ్ల కూలి తప్ప ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు, అదీ ఎప్పటికీ. ఊరి పాలన ఒక్కదానికే రెండేళ్లన్న మాట పడింది. ఆ రెండేళ్లు అయ్యాక పాలన ఎవరిదో తేల్చే పని ఎవరూ పెట్టుకోలేదు. మీరూ అంతే, గడువు పెట్టక తప్పకపోతే గడువు తీరిన మర్నాడు ఏం జరుగుతుందో మాత్రం రాయకండి. 1901లో పర్షియా షా విలియం డార్సీకి చమురు కౌలు 60 ఏళ్లకే ఇచ్చాడు. మన నాయకుడి పక్కన పెడితే పిసినారి అనిపిస్తాడు.

6. జామీను మీ సొమ్ముతో కాదు, నేతగాడి ఒంటితో ఇవ్వండి

కౌలులో ఈ షరతును కాస్త ఆగి చదవండి. కంపెనీ నేతగాళ్లకు, అద్దకంవాళ్లకు, వర్తకులకు బయానా ఇచ్చే ముందు నాయకుడికి చెప్పాలి. వాళ్లు నమ్మదగినవాళ్లేనని నాయకుడు మాటిస్తాడు. ఆ పైన వాళ్లు సరుకు ఇవ్వకపోతే బాకీ నాయకుడు కడతాడు. లేదంటే ఆ మనిషి తన సీమలో ఎక్కడున్నా పట్టి అప్పగిస్తాడు. ఈ రెండింట్లో ఏ పాలకుడికి ఏది సులువో చెప్పక్కర్లేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి, తాను చూడని కాగితం మీద, తాను పెట్టని సంతకంతో తాకట్టు పెట్టారన్నమాట. వేలూరు పక్కనే గుడియాత్తంలో నేటికీ లుంగీలు నేసేవాళ్లున్నారు. అడ్వాన్సు తీసుకునే ముందు ఈ షరతుకు ఒప్పుకుంటారేమో అడిగి చూడండి. వాళ్లు అనే మాటలు ఈ పత్రికలో అచ్చు వేయలేం. అందుకే, ఒప్పందం కుదిరేదాకా నేతగాణ్ణి గదిలోకి రానివ్వకండి.

7. సగం వాటా తీసుకోండి, లెక్కల పుస్తకం వాళ్లకు వదిలేయండి

రేవు సుంకంలో నాయకుడికి సగం. వినడానికి ఎంత బాగుంది! వసూలు చేసేది, రాసేది, కూడేది మాత్రం కంపెనీ గుమాస్తాలు. ఆ సగం ఎంతన్నది తేలని తగువైంది. ఆ తలనొప్పి ఎందుకని, సీమ గోల్కొండ చేతికి పోయాక 1658లో ఏడాదికి 380 వరహాలకు గుత్త కుదిరింది. 1672లో గోల్కొండ తరఫున నెక్నాంఖాన్ దాన్ని 1200 వరహాలు చేశాడు. ఆ తరవాత ఊరు పెరిగింది, ఓడలు పెరిగాయి, సుంకం పెరిగింది. 1200 మాత్రం 1200గానే ఉండిపోయింది. డార్సీ ఒప్పందంలోనూ ఇదే కిటుకు. పర్షియాకు నికర లాభంలో 16 శాతం అన్నారు. నికరం ఎంతన్నది చెప్పేది కంపెనీయే. దాని మీద ఏళ్ల తరబడి కొట్లాడి 1933లో ఒప్పందం తిరగరాసుకున్నారు, 1951లో కంపెనీనే జాతీయం చేశారు. చూశారా, లెక్కలు అడిగితే సంబంధాలు చెడతాయి.

8. సలహాదారు ఎవరి జీతం తింటున్నాడో అడగకండి

1933లో సౌదీ రాజు ఇబ్న్ సౌద్ అమెరికా కంపెనీ సోకాల్‌కు చమురు కౌలు ఇచ్చాడు. బేరంలో ఆయనకు దగ్గరగా మసలిన ఇంగ్లీషు పెద్దమనిషి ఫిల్బీ. అదే ఫిల్బీ గుట్టుచప్పుడు కాకుండా సోకాల్ దగ్గర కూడా జీతం పుచ్చుకుంటున్నాడు. ఇందులో తప్పు పట్టడానికేముంది? రెండు పక్షాలకూ ఒకే సలహాదారు ఉంటే భిన్నాభిప్రాయాలు రావు. కంపెనీ దుబాసీనే మీ దుబాసీగా పెట్టుకుంటే ఇంకా మేలు. వాళ్లన్నదే మీరన్నట్టు వినిపిస్తుంది.

9. రాజు మారినప్పుడల్లా పట్టా కొత్తగా రాయండి, పాత వరాలు తగ్గించకండి

1642లో శ్రీరంగరాయలు గద్దెనెక్కాక దామెర్లవారి పలుకుబడి పోయింది. కంపెనీ తొణకలేదు. 1645లో కంపెనీ తరఫున హెన్రీ గ్రీన్‌హిల్ రాయవేలూరు వచ్చి రాయల చేతే పట్టా రాయించుకున్నాడు. అప్పటికి రాయలకు ఒక పక్క సొంత నాయకులతో పోరు, ఇంకో పక్క గోల్కొండ, బీజాపూర్ సేనలతో పోరు. అంత ఇరకాటంలోనూ పాత వరాలు తగ్గించలేదు సరిగదా, ఊళ్లో న్యాయం తీర్చే అధికారం కూడా ఇచ్చాడు. ప్రతిఫలంగా ఊరికి శ్రీరంగరాయపట్నమని తన పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. వెంకటప్ప తండ్రి చెన్నప్ప పేరు మాత్రం నిలిచింది. కాబట్టి పేరు పెట్టించుకోవాలనుకుంటే మొదటి ఒప్పందంలోనే పెట్టించుకోండి. ఈ బేరంలో నాయకుడికి గట్టిగా దక్కింది అదొక్కటే.

చిట్కాలు అయిపోయాయి. వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి కదా. మద్రాసు పట్టా చేతికందాక కొద్దికాలానికే రాయల కొలువు చెదిరిపోయింది. ఆ తరవాత గోల్కొండ వచ్చింది, పోయింది. మొగలులు వచ్చారు, పోయారు. 1752లో ఆర్కాటు నవాబు మహమ్మదలీ ఆ 1200 వరహాలు కూడా మాఫీ చేశాడు. 1801లో కర్ణాటకమంతా కంపెనీ పాలన కిందికి వచ్చింది. 1806లో రాయలు కొలువున్న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడింది కంపెనీ మీదే.

వెంకటప్ప తెలివితక్కువవాడు కాడు. తన గుర్రాలు, తన పొరుగువాళ్లు, తాను బతికుండే రోజులు లెక్కేసుకున్నాడు. కంపెనీకి చావు లేదన్నదే ఆయన లెక్కలో లేదు. రాజు పోతాడు, వంశం పోతుంది, కాగితం మిగులుతుంది. రేపు మీ ఊరికి ఇసుక కోసమో, గ్రానైట్ కోసమో, గ్యాస్ కోసమో కాగితం పట్టుకుని ఎవరైనా వస్తే మూడు విషయాలు చూడండి. గడువు ఎప్పుడు తీరుతుంది? లెక్క ఎవరు రాస్తారు? మాట తప్పితే ఎవరిని పట్టుకుంటారు? మూడోదానికి జవాబు మీ ఊరి కూలివాడైతే సంతకం పెట్టకండి.