ఇసుక ఇంకను వచ్చుచునే యున్నది

మేము భీమునిపట్నమునుండి ఖరగ్‌పూరు తిరిగివచ్చి నేటికి 22 దినములైనది. ఇసుక మాత్రము ఇంకను వచ్చుచునే యున్నది. నిన్న కళ్ళజోడు పెట్టెలో చిటికెడు దొరకినది. మొన్న, ఆ యూరిలో ఒక్కనాడును విప్పి యెరుగని నా గొడుగును ఇక్కడ కాలబైశాఖి వానకు విప్పగా, వానకంటె ముందుగా ఇసుక నా నెత్తిమీద కురిసినది. అన్నిటికంటె ఘోరము గసగసాల సంగతి. బెంగాలులో మూడు తరములు కాపురముండిన పుణ్యమున మా యింట వారమునకు రెండుమారులు ఆలూ పోస్తో వండుట ఆచారము. మా యావిడ భీమిలికి గసగసాలు కానుకగా మోసికొనిపోయిన గుడ్డసంచినే తిరుగుప్రయాణములో చెప్పులకు వాడి, ఇంటికి వచ్చి, దులిపితిననుకొని, మరల గసగసాలకే వాడినది. గసగసాలలో కలిసిన ఇసుకను వేరుచేయుట సృష్టించిన బ్రహ్మకైనను శక్యము కాదు. నేను కూర నోట పెట్టుకొని ‘కటుక్కు’మనినపుడెల్ల ఆమె నావైపు చూచి, “మీ స్నేహితుడు గుర్తొచ్చాడా?” అని అడుగుచున్నది.

వేసవిలో సముద్రతీరమున ఇల్లున్న మిత్రుడు పిలుచుటయు, ఉద్యోగవిరమణ చేసిన దంపతులు మురిసిపోయి బయలుదేరుటయు, మూడవనాటికి ఒకరి ముఖమొకరు చూచుకొనుటయు లోకవిదితములే గనుక విస్తరింపను. సముద్రమే కావలసియుండినచో మాకు దీఘా సమీపముననే కలదు; దానిని వారన్ హేస్టింగ్సు దొరగారంతటివారు మెచ్చుకొనిరని ఇక్కడివారు నేటికిని చెప్పుకొందురు. కాని మా రైలువారి ధర్మశాస్త్రము వేరు. ఏడాదికి రెండు సెట్లు వచ్చు కాంప్లిమెంటరీ పాసును ఒక్క పూట ప్రయాణమునకు ఖర్చుచేయుట మాలో మహాపాతకము. పాసు ఎంత దూరము తీసికొనిపోవునో అంత దూరము పోవలెను. అక్కడ పని లేకున్నను పోవలెను.

అట్లు బయలుదేరిన నాడు మా పెట్టె ప్లాట్‌ఫారము ఆవలి కొసను ఆగినది. ఈ ప్లాట్‌ఫారమును గూర్చి రెండు మాటలు చెప్పక ముందునకు సాగజాలను. ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము పొడవు 1072.5 మీటర్లు. ఆ అర మీటరును విడిచి చెప్పువారితో నేను మాటలాడను. ప్రపంచములోనే మిక్కిలి పొడవైనదని పాఠ్యపుస్తకములు ఘోషించుచుండిన కాలమున మేము పెరిగితిమి. మాకు పర్వతము లేదు, సముద్రము లేదు, చెప్పుకొనదగిన నది లేదు, ఉన్నది ఎర్రమట్టియు, వర్కుషాపు కూతయు, ఈ ప్లాట్‌ఫారమును మాత్రమే. చుట్టము వచ్చినచో గుడికి ముందు దానిని చూపెడివారము. నా యడుగులతో కొలువగా 1,500 పైచిలుకు వచ్చినది. మా యావిడ యడుగులలో ఎంతయో ఆమె చెప్పదు, ఆమె ఎన్నడును ‘అబ్బా’ అనకుండ ఆ కొసకు చేరలేదు గనుక లెక్క తప్పుచుండును. ఇట్టి కీర్తిని 2013లో గోరఖ్‌పూరువారు 1366 మీటర్లు కట్టి అపహరించిరి. పోనిమ్మనుకొంటిమి. పిమ్మట 2023లో హుబ్బళ్ళివారు 1507 మీటర్లు కట్టిరి. గోరఖ్‌పూరువారి ముఖము తలచుకొని ఆనాడు నాకు కలిగిన సంతోషము పెద్దవాడనైన నాకు తగినది కాదు, కాని దాచను. నడుమ కొల్లమువారిదియు మాదానికంటె పొడవేయని ఎవడో కుర్రవాడు సెల్‌ఫోనులో చూపినాడు; వానికి ఆనాడు టీ యిప్పించలేదు. ఇంతకును నా వాదమేమనగా, పొడవు వేరు, పొడిగింపు వేరు. ఒకరిని ఓడించుటకై కట్టిన సిమెంటు పొడవు కాదు. నా మాట నమ్మనివారు మోకాళ్ళ నొప్పులున్న భార్యతోను, రెండు పెట్టెలతోను, ఒక గసగసాల సంచితోను, రైలు కదలుటకు నాలుగు నిముషములున్నదనగా ఈ కొసనుండి ఆ కొసకు ఒక్కమారు నడిచి చూతురు గాక.

ఎక్కడ విడిచితిని? సముద్రము.

మా మిత్రుడు వర్కుషాపులో ఫిట్టరు. నేను టైము ఆఫీసులో గుమాస్తాను. అనగా ముప్పది సంవత్సరములకు పైగా అతడు ప్రతి ఉదయము రొప్పుచు గేటు దాటుటయు, నేను గడియారమును చూచి అతని పేరునకెదురుగా లేటు మార్కు వేయుటయు మా స్నేహమునకు పునాది. “రెండు నిమిషాలకి కూడా రాస్తావేట్రా?” అని అతడడుగును, “రెండు నిమిషాలు రైలుకి చిన్నవా?” అని నేనందును. ఈ స్నేహము ఎట్లు నిలిచినదో నాకు నేటికిని ఆశ్చర్యమే. నిలువలేదని, పగ వడ్డీతో పెరిగినదని, భీమిలిలో రెండవనాటి తెల్లవారుజామున 4:30 గంటలకు తెలిసినది.

“ఏట్రా, ఇంకా పడుకున్నావేటి? సూర్యుడొచ్చేత్తన్నాడు!”

సూర్యుడు వచ్చుటకు ఇంకను గంట యున్నది. ఐనను తీరమునకు పోవలెను, తడియిసుకలో కూర్చుండవలెను, తూర్పున ఏమియు లేనిచోట తదేకముగ చూడవలెను. సూర్యుడు వచ్చినపిమ్మట మిత్రుడు నావైపు తిరిగి, ఆ గోళమును తానే సానపట్టి బిగించినట్లు, “ఎలగుంది?” అని అడుగును. బాగున్నదనవలెను. పదునొకండు దినములు బాగున్నదంటిని. సముద్రము అతనిది, అలలు అతనివి, పడవలవారు తెచ్చిన చేప తాజాగా నున్నచో ఆ ఘనత అతనిది, ఎముకలున్నచో తప్పు నాది. నేను మా ప్లాట్‌ఫారము ప్రసక్తి తెచ్చితిని. అతడు తీరమువైపు చేయి చాచి, “దీని కొస చూపించు” అనెను. ఇట్టివానితో వాదమేమి?

మూడవనాడు సముద్రపు గాలి ఆయుర్వృద్ధికరమని దారిపొడవునను బోధించుచు, ఆ గాలిని పీల్చుటకై దూరదేశమునుండి వచ్చి అచ్చటనే కాలము చేసిన డచ్చివారి గోరీలను చూపించెను. ఆ యూరి పురపాలక సంఘము 1861లో ఏర్పడినదని, దేశమున మొట్టమొదటివానిలో నొకటియని వినిపించెను. నేను వినుచునే యుంటిని, చెమట కారుచునే యుండెను. మా ఖరగ్‌పూరు ఎండ నలుబది డిగ్రీలు దాటును, నిజమే, కాని అది యెదురుగా వచ్చి కొట్టు ఎండ. భీమిలి ఉక్కబోత వెనుకనుండి కౌగిలించుకొని విడువదు. స్నానము చేసి తుడుచుకొన్నది చెమటయో నీరో తెలియదు. పైగా చూడవచ్చిన ఇరుగుపొరుగువారందరును, “ఖరగ్‌పూరంటే ఐఐటీ కదండీ?” అనువారే. ఐఐటీ 1951లో వచ్చినదనియు, 1928లో వి.వి. గిరిగారు బెంగాల్ నాగపూరు రైలు కార్మికులచే సమ్మె నడిపించుచున్ననాడే మా తాతగారు అక్కడ పాతకాపనియు చెప్పబోవుదును; వారు అప్పటికే ధోనీ టిక్కెట్లు చూచిన కాలమున నేనాయనను చూచితినా యని అడుగుచుందురు.

ఇంట ఆడవారిద్దరును మాత్రము హాయిగా నుండిరి. నన్ను నాలుగున్నరకు లేపినపుడు మా యావిడ అటు తిరిగి పండుకొనెడిది. పదవనాటి రాత్రి నేనోర్వలేక, ఈ లేపుట యేమి నియమమని మిత్రుని భార్యను అడిగితిని. ఆమె విస్తళ్ళు తీయుచు సన్నని గొంతుతో, “మీరొచ్చాకే అన్నయ్యగారూ. అంతకుముందు ఎనిమిదింటికి గానీ లేచేవారు కారు. లేచి ఏం చెయ్యాలి అనేవారు” అనెను.

చిట్టివలస చెంత పల్లెనుండి అతని తాత కూలికి బెంగాలు వచ్చినాడు. మనుమడు రైలు క్వార్టరు ఖాళీచేసి, దాచుకొన్నదంతయు పెట్టి, తాతగారి దేశమున ఇల్లు కట్టినాడు. అక్కడ వానిని పేరుతో పిలుచువారు లేరు. పాలవాడు మొదలు పూజారివరకు ‘కరగ్పూరాయన’ యందురు. ఇక్కడ ఉన్నన్నాళ్ళు మమ్ము మద్రాసీలనిరి. భీమిలికి రైలు లేదు. ఒకనాడు గాలి యటు తిరిగినపుడు అతడు మాట నాపి చెవి రిక్కించుట చూచితిని. ఏమిటని అడుగగా అలల చప్పుడనెను.

ఇంతకంటె చెప్పుట నాకు చేతగాదు. ఇసుక విషయమునకు వత్తును.

నిన్న రాత్రి తలగడ గలేబులో మరల తగిలినది. లేచి దులిపి, తిట్టుకొని, పండుకొంటిని గాని నిద్ర రాలేదు. దూరమున యార్డులో షంటింగు సాగుచున్నది. ఎప్పుడో కన్నంటినది; మెలకువ వచ్చి చూతును గదా, పాడు అలవాటు, నాలుగున్నర. లేపువాడు లేడు. చీకటిలో కళ్ళజోడు వెదకికొని, ఫోను తీసికొని, భీమిలికి చేసితిని. చాలసేపు మ్రోగినది.

“ఏట్రా, ఇంకా పడుకున్నావేటి?” అంటిని.

ఆవల కొంతసేపు గాలి చప్పుడు. “నాలుగూ ముప్ఫైరెండయింది,” అనెను మా ఫిట్టరు. “లేటు. రాసుకున్నాను.”