అదికాదండి గారు

పసలపూడి మా రాయవరం మండలంలోదే. అక్కడి మనుషుల్ని దర్శకుడు వంశీ గారు కథల్లోకి ఎక్కించేశారు గానీ మా ఊళ్ళో కొందరు ఇంకా ఎక్కకుండా మిగిలిపోయారు. వాళ్ళలో అదికాదండి గారొకరు. అసలు పేరు ఓటర్ల జాబితాలో ఉంటుంది, ఊరికి మాత్రం ఈ పేరే తెలుసు. ఎదుటివాళ్ళు ఏమన్నా సరే, "ఆయ్, అది కాదండి" అని అందుకుంటారు. "ఎండ మండిపోతోందండి" అన్నా అంతే. గోదావరి జిల్లాల్లో రామాలయం లేని ఊరైనా ఉంటుందేమో గానీ ఇలాంటి మనిషి లేని ఊరుండదు.

1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టిన నాటి నుంచీ ఈయనది పసుపు జెండా. అయినా పొద్దున్న టీ కొట్టు దగ్గర సొంత పార్టీవాళ్ళ బల్ల మీద కూర్చోరు. "అక్కడేముందండి, నేనన్నదే వాళ్ళూ అంటారు. ఆ మాత్రానికి ఇంట్లో అద్దం చాలదా?" అంటూ ఎదురు బల్లకి వెళ్తారు. అక్కడ లెక్కల మేష్టారుంటారు. రిటైరయ్యారు. రాజశేఖరరెడ్డి గారి కాలం నుంచీ ఆ పక్క.

అదికాదండి గారింటికి సాక్షి వస్తుంది, మేష్టారింటికి ఈనాడు. మన పేపరు చదివితే సంతోషం, ఎదుటివాడి పేపరు చదివితే సరుకు అని ఇద్దరికీ ఒకటే సిద్ధాంతం. దీంతో వచ్చిన చిక్కేమిటంటే, జగన్ ప్రభుత్వం చేసిన పనుల చిట్టా ఆ పార్టీ కుర్రాళ్ళకంటే ఈయనకే బాగా వచ్చు. ఓసారి వాళ్ళలో ఒకడు అంకె తప్పు చెబితే ఈయనే దిద్దారు. "తప్పుడు లెక్కని ఓడిస్తే నాకేం పేరొస్తుందిరా?" అని విసుక్కున్నారు కూడా.

2019 అసెంబ్లీ ఎన్నికల్లో 175 సీట్లకి ఈయన పార్టీకి 23 వచ్చాయి. మర్నాడు ఆరింటికల్లా వచ్చి ఎదురు బల్ల మీద కూర్చున్నారు. "ఆయ్, అది కాదండి, ఓట్లు చూడండి. దాదాపు 39 శాతం మావే." మేష్టారు పగలబడి నవ్వారు. 2024లో మేష్టారి పార్టీకి 11 వచ్చాయి. మేష్టారు కొట్టుకి రావడం మానేశారు. గెలిచినవాడు దర్జాగా తిరగాలి కదా, ఈయన బెంగపడిపోయి నేరుగా వాళ్ళింటికే వెళ్ళారు. తలుపు తీసీ తీయగానే మేష్టారన్న మాట: "ఓట్లు చూడండి. దాదాపు 39 శాతం మావే." ఈయన ముఖం వెలిగిపోయింది. ఆ పూట వీధి అరుగు మీదే రెండు గంటలు దెబ్బలాడుకున్నారు.

టీవీ చర్చలంటే మాత్రం ఈయనకి పడదు. 2021లో ఓ తెలుగు ఛానెల్ చర్చలో అతిథి మీదికి చెప్పు లేచింది. ఊరంతా ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూసుకుంటుంటే ఈయన ఒక్కటే అన్నారు: "చెప్పు లేచిందంటే ఆయన దగ్గర అంకెలైపోయాయన్నమాట."

మనవరాలికి మంచి సంబంధం వచ్చింది. పిల్లాడి తండ్రిది అవతలి పార్టీ. ఇంటావిడ నసిగితే, 1952 నాటి అనంతపురం ఎన్నిక ముందుపెట్టారు. సంజీవరెడ్డి గారంతటివారిని ఓడించిన కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి ఎవరనుకున్నావు, సొంత బావమరిదే. "వాళ్ళ చుట్టరికమే తెగలేదు, మనకేమొచ్చింది?" అని అడిగారు. నాకైతే ఆయన ఆరాటమంతా భోజనాల పంక్తిలో పక్కన ఓ కొత్త ప్రత్యర్థి కూర్చుంటాడనే అనిపిస్తుంది.

2025 ఆగస్టులో రైతులకిచ్చే అన్నదాత సుఖీభవ డబ్బు మొదటి విడత పడింది. మర్నాడు టీ కొట్టు కిటకిటలాడింది.

"ఏడాదికి 20,000 అండి. మీ రైతు భరోసా 13,500 దగ్గరే ఆగిపోయింది."

"మేం ఐదేళ్ళూ ఇచ్చామండి. మీరు మొదటేడు ఎగ్గొట్టారు."

"అది కాదండి, మీ 13,500లో 6,000 ఢిల్లీవి."

"మీ 20,000లోనూ ఆ 6,000 ఉన్నాయిగా మరి!"

అప్పటిదాకా మూల కూర్చున్న కమలం పార్టీ మనిషి "ఆ ఆరు వేలూ మావేనండి" అంటూ లేచాడు. ఇద్దరూ కలిసి కూర్చోబెట్టేశారు. సిగరెట్టు పెట్టె అట్ట చింపి మేష్టారు లెక్కేశారు. రాష్ట్రం వాటా అప్పుడు 7,500, ఇప్పుడు 14,000. సొంత పార్టీ మీటింగులో ఈ తీసివేత ఇద్దరూ చేసేవారు కారు. ఎదురుగా తెలిసినవాడు కూర్చుంటే ఆరు వేలు దాచడం కష్టం.

వెనక నిలబడి వింటున్న కౌలు రైతు ఒకతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఇంతకీ మాకేటండి?"

ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు. 2019లో చట్టం తెచ్చి కౌలు కార్డు ఇచ్చింది తామేనని మేష్టారు, కౌలు రైతులకీ ఇస్తామని చెప్పింది తామేనని ఈయన.

"ఆ కార్డుకి భూమిగలాయన ఒప్పుకుని సంతకం పెట్టాలంటున్నారండి. మీయి రెండెకరాలూ, మేష్టారియి ఎకరంన్నరా చేస్తున్నాను. కాయితం తెమ్మంటారా?"

కొట్టులో మరిగే టీ చప్పుడు ఒక్కటే వినిపించింది. కౌలుదారుకి సంతకం పెట్టినంత మాత్రాన పొలం మీద హక్కు పోదని ఇద్దరికీ తెలుసు. ఒకరి పేపర్లో ఒకరు చదువుకున్నారు కూడా. అయినా అదికాదండి గారు కొబ్బరికాయ ధరకి నిలకడ లేకపోవడం గురించి ఎత్తారు. మేష్టారు దానికి వెంటనే ఒప్పేసుకున్నారు. వాళ్ళిద్దరికీ ఒక విషయంలో మాట కలవడం ఊరు చూడ్డం అదే మొదలు.

అతను మాత్రం వదల్లేదు. మర్నాడే కాయితం తెచ్చాడు. మేష్టారిది చట్టం తెచ్చిన పార్టీ కాబట్టి ముందు ఆయన పెట్టాలని ఈయన, ఇప్పుడు అధికారంలో ఉన్నారు కాబట్టి ముందు ఈయన పెట్టాలని మేష్టారు. సార్వా కోతలు కూడా అయిపోయాయి. కాయితం టీ కొట్టువాడి గల్లాపెట్టెలో ఉంది. అది ఎవరి ప్రభుత్వంలో ఆగిపోయినట్టు లెక్క అనే దాని మీద రోజూ ఆరింటికి చర్చ నడుస్తోంది.